నాలుగు నిమిషాలు

స్విచ్ వేస్తే ముందు ఒక దగ్గు.
తర్వాత ఫ్యాను గర్రుమంటది,
నల్ల తెర మీద తెల్లగీత రెప్పలు కొడ్తది.
అక్కడి నుంచి నాలుగు నిమిషాలు.
పాలు పొంగేలోపు స్టవ్ దగ్గరికి పోయి రావచ్చు.
బిడ్డకు ఒక జడ పూర్తిగ, రెండోది సగం.

రాంనగర్ గుండు వెనక, రేకుల గదిల
పదమూడేండ్ల సంది నాదీ దీనిదీ ఒకటే పని.
పెండ్లిపత్రికలు, దశదినకర్మ కార్డులు,
బోనాల ఫ్లెక్సీలు,
ప్రైవేటు బడుల యూనిట్ టెస్టు పేపర్లు.
పెండ్లికొడుకు మారుతడు, ముహూర్తం మారుతది,
'బంధుమిత్ర సపరివార సమేతంగా' మాత్రం
మొదటి ఏడు కొట్టిందే.
కీబోర్డు మీద అక్షరాలు ఎప్పుడో చెరిగిపోయినయి.
'ళ' ఎక్కడుందో నన్నడిగితే చెప్పలేను,
వేలు నడిగితే పోతది.

మరిది విఠల్ అన్నడు:
"ఇంకెన్నాళ్లు వదినా ఈ డబ్బా?
నలభై రెండు వేలకు కొత్తది. నెలకు మూడువేల ఆరువందలు.
తెల్వకుండనే కట్టుడైపోతది."
తెల్వకుండ పోయే మూడువేల ఆరువందలు
నేనింతవరకు చూడలే.

అయినా పోయిన, అమీర్‌పేటకు.
షోరూంల చల్లగుంది. టై కట్టిన పిలగాడు
తెర మీద చేపలను ఈదించి చూపెట్టిండు.
"మా తెలుగు ఫాంట్లు నడుస్తయా బాబూ?"
"అన్నీ నడుస్తయ్ మేడం."
పెన్‌డ్రైవ్ ఇచ్చిన.
నిన్ననే ప్రూఫు చూసిన పత్రిక
ఖాళీ డబ్బాలయి, డాలరు గుర్తులయి నిలబడ్డది.
పెండ్లిపిల్ల పేరున్న కాడ
నెత్తి మీద రెండు చుక్కలున్న ఏదో దేశపు అక్షరం.
పిలగాడు సారీ అన్నడు.
పక్క తెరల చేపలు ఈదుతనే ఉన్నయి.

మర్నాడు బియ్యం సంచిల డబ్బాను పెట్టి,
ఆటోల ఒళ్లె కూసోబెట్టుకొని
సికింద్రాబాద్, చెనాయ్ ట్రేడ్ సెంటర్,
మెట్ల కింద ఫసీహ్ భాయ్ దుకాణం.
మూత తీసి ఆయన ఒకసారి నవ్విండు.
పదమూడు దసరాల కుంకుమ,
జల్లెడలోంచి లోపలికి జారిన అక్షింతలు,
బల్లిగుడ్డు పెంకు, నా జడపిన్ను.
బ్రష్షుతో దులుపుతుంటే దుమ్ము
ఎర్రగ, పచ్చగ లేచింది.

"బోర్డు మంచిగుంది అమ్మా. డిస్కు ముసల్దయింది."
కొత్తది అగ్గిపెట్టెకు అన్న లెక్కుంది. రెండువేల మూడొందలు.
ర్యాము ఎవరిదో విప్పిన కంప్యూటర్‌ది, పదకొండొందలు.
మొత్తం మూడువేల నాలుగొందలు.
ఒక్క నెల కిస్తుకు రెండొందలు తక్కువ.
"ఎన్నేండ్లు నడుస్తది భాయ్?"
"రెండు. దేవుడు చూస్తే మూడు.
నెట్టుకు కలపకు, దీనికి టీకాలు బందైనయి.
బోర్డు పోతే మాత్రం నా దగ్గరికి రాకు,
ఆ షోరూంకే పో."

పాతదాంట్లోది కొత్తదాంట్లోకి ఎక్కుతుంటే
నమాజుకు పోయొస్తనని లేచిండు.
నేనూ, తెర మీద ఒక అంకె.
నలభై. యాభై రెండు. అరవై ఒకటి.
అరవై ఒకటి కాడ ఆగింది.
ఎవరి పెండ్లి ఇరుక్కున్నదో అక్కడ,
ఎవరి పెద్దకర్మ.
పక్క దుకాణపు పిలగాడు చాయ్ పెట్టిపోయిండు,
మీగడ కట్టేదాంక తాగలే.
అరవై రెండు.

పాత డిస్కును పేపర్ల చుట్టి ఇచ్చిండు.
బీరువల, పట్టుచీర కింద పెట్టిన.
విఠల్ అడిగితే ఏదో ఒకటి చెప్పాలె.

ఇయ్యాల పొద్దున స్విచ్ వేసిన.
దగ్గు లేదు.
అటు తిరిగి ఇటు తిరిగేసరికి,
లెక్కపెట్టిన, పదకొండు సెకన్లు,
తెర తెరుచుకొని కూసుంది
ఏం కొట్టాలె చెప్పమన్నట్టు.
పాలు ఇంకా గిన్నెలనే పోయలే.
గడప కాడ నా బిడ్డ, జుట్టు విరబోసుకొని,
దువ్వెన నెత్తిలనే గుచ్చుకొని,
"అమ్మా, అప్పుడే అయిందా?" అంటున్నది.